దండ వేయించుకోని సూరి మాస్టారు

మా తమ్ముడు సూర్యనారాయణ మాస్టారు దీపావళికి నాలుగు రోజుల ముందు పోయాడు. పొద్దున్నే స్నానానికి నీళ్లు తోడుతున్నాడు. చేద నూతిలో పడిన చప్పుడు విని నేను వంటింట్లోంచి వచ్చేసరికి చప్టా మీద పడి ఉన్నాడు. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. వాడు పుట్టిన పదో రోజున మా అమ్మ పోతే, పద్నాలుగేళ్ల పిల్లనైన నేను వాడికి ఉగ్గు పట్టాను. నా చేత నీళ్లు పోయించుకున్న పిల్లవాడు నాకంటే ముందు వెళ్లిపోవడమేమిటో ఇంకా నా బుద్ధికి అందడం లేదు.

ఆమదాలవలసలో జరిగిన సంతాప సభకు నేనూ వెళ్లాను. వాడికి అరవై దాటాయని ఒకరన్నారు. నలభై ఏడు. తెలంగాణలో పాతికేళ్లు పనిచేశాడని ఇంకొకరన్నారు. ఆ రాష్ట్రం, మన రాష్ట్రం కలిసిందే పదమూడేళ్ల కిందట. నేను ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, ఇలాంటివి చెవిన పడితే ఊరుకోలేను. అయినా ఇవి చిన్న పొరపాట్లు. అధ్యక్షుడు అప్పలస్వామి చివర్న లేచి, “మా సూరి సమైక్యత కోసం బలైపోయినాడు” అన్నాడు. ఇది చిన్న పొరపాటు కాదు. అందుకే రాస్తున్నాను.

సూరి ఉద్యమాల్లేని మనిషి కాదు. మనం ఇంకా మద్రాసు కింద ఉన్న రోజుల్లో, ఆంధ్ర రాష్ట్రం కావాలని ఊరేగింపుల్లో ముందు నడిచినవాడు. అప్పటికి హైస్కూల్లో కొత్తగా చేరిన మాస్టారు. హెడ్మాస్టరు అరవాయన, చిన్నప్పుడు సూరికి లెక్కలు నేర్పినవాడు. ఒకరోజు జనం ఆయన ఇంటి ముందుకే వెళ్లి కేకలు వేశారు. ఆయన బయటికి వచ్చి, అందరినీ వదిలేసి మావాణ్నే చూసి, “సూరీ, అడగడం మీ హక్కు. అడిగేటప్పుడు పై గుండీ పెట్టుకో” అన్నారట. వీడు గుండీ పెట్టుకుని మళ్లీ కేక వేశాడట. ఈ ముక్క వాడే నవ్వుతూ చెప్పేవాడు.

అక్టోబరు ఒకటిన రాష్ట్రం వచ్చింది. ఊరంతా పండగ. ఆ హెడ్మాస్టరు అరవదేశానికి బదిలీ అడిగి వెళ్లిపోయారు. పరుపుచుట్ట మోసుకుని స్టేషనుకు వెళ్లినవాడు సూరి ఒక్కడే. తిరిగి వచ్చి లడ్డూ ముట్టలేదు. అక్కనైన నన్ను వాడు “అప్పా” అనే పిలిచేవాడు. “అప్పా, మనం అడిగింది న్యాయమే. ఆయన కళ్లనీళ్లూ నిజమే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు” అన్నాడు. అప్పట్లో నాకది పెద్ద మాటగా తోచలేదు.

భార్య పురిట్లో పోయాక వాడికి ఇక్కడ ఊపిరాడలేదు. రెండు రాష్ట్రాలూ కలిశాక, వరంగల్ జిల్లాలో లెక్కల మాస్టర్లు కావాలంటే వెళ్లాడు. అక్కడి పిల్లలు వాడి మాటలోని మన యాస “ఏటి”ని వెక్కిరించేవారట. వాడికి అదే ముద్దు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పిల్లల కబుర్లే.

ఈ ఏడు అక్కడ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. వాడి దగ్గర లెక్కల్లో మొదటివాడుగా ఉన్న కుర్రాడే పదిమందితో క్లాసులోకి వచ్చాడట.

“సార్, మీ మీద కోపం లేదు. మీ కుర్సీ మాది. మా అన్న ట్రైనింగ్ చేసి ఇంట్ల కూసున్నడు.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదురా?” అన్నాడట వీడు.

“మీరే కద సార్, తెల్వకుంటే నిలబడి అడుగుమన్నరు.”

వీడు సుద్దముక్క వాడి చేతిలో పెట్టి, హాజరు పట్టీ మీద సంతకం చేసి వచ్చేశాడు. ఆ పూట సూరి ఏడ్చాడో లేదో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

వాడు ఏ బండికి వస్తున్నాడో ఎలా తెలిసిందో గాని, ఆమదాలవలస స్టేషనులో దండలతో, బాజాలతో మనవాళ్లు సిద్ధంగా ఉన్నారు. బాజాలు విని సూరి అవతలి వైపు తలుపు తీసుకుని దిగి, పట్టాలు దాటి, పొలం గట్ల మీదుగా ఇంటికి నడిచి వచ్చాడు.

“అప్పా, అన్నం ఉన్నాదా?”

“స్టేషన్లో నీకు బాజాలు పెట్టారటరా?”

“విన్నాను. పాపం ఆ దండ ఎవరి మెడలో పడిందో.”

అదే బండిలో పలాస వెళ్తూ కిందికి దిగిన ఒక ధాన్యం వర్తకుడి మెడలో పడిందని తర్వాత తెలిసింది. ఆయన కాదనకుండా వేయించుకున్నాడట.

మర్నాడు వీధి వీధంతా అరుగు మీద చేరింది.

“ఏటి మాస్టారూ, ఆళ్లు కొట్టినారంట?” అన్నాడు ఎదురింటి రైతు.

“లేదురా.”

“ఒక్క దెబ్బైనా?”

“ఒక్కటీ లేదు.”

“మరేటికి వచ్చేసినారు?” అని అతను నిజంగానే నిరాశపడ్డాడు.

అప్పలస్వామి మా మేనమామ కొడుకు, సూరికి బావ, చిన్ననాటి నేస్తం, మిల్లు ఉన్నవాడు. సమైక్యత కోసం పెట్టిన సభకు సూరిని బతిమాలి తీసుకువెళ్లాడు. పడిన కష్టాలు చెప్తే చాలన్నాడు. సూరి మైకు ముందు నిలబడి అన్న మాటలు నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

“నన్ను పొమ్మన్నారు. బాధ కలిగింది. కాని ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు మా ఊరు మేమే ఏలుకుంటామంటే తప్పని నేను చెప్పలేను. మద్రాసును మనమూ అదే అడిగాం. కలిసి ఉండాలో వద్దో వాళ్లని అడగండి, ఓటేయించండి. ఇక్కడ చప్పట్లు కొట్టించి తేల్చకండి. నా బాధ నాది. దాన్ని మీకు అరువివ్వను.”

జనంలోంచి “దిగు, దిగు” అని అరుపులు. అప్పలస్వామి మైకు లాక్కున్నాడు. “ఒరే, నువ్వు మావోడివా, ఆళ్లవోడివా?” అని అడిగాడు. సూరి మెట్లు దిగి ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చాక, “అప్పా, బావ అడిగింది మంచి ప్రశ్నే. నాకూ తెలీదు” అన్నాడు.

ఆ తర్వాత మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. ట్యూషనుకు పంపుతామన్నవాళ్లు పంపలేదు. పెళ్లిళ్లకు నన్ను పిలిచేవారు, వాణ్ని పిలిచేవారు కాదు. అక్కడి అలవాటు మీద వీధిలో కుర్రాళ్లను “బిడ్డా” అంటే, “తెలంగాణ మాస్టారు” అని వెనకాల నవ్వేవారు. అక్కడ వాడి మాటకు నవ్వారు, ఇక్కడా నవ్వారు. అక్కడి నవ్వుకు వాడు నొచ్చుకోలేదు. బస్సెక్కి కళింగపట్నం వెళ్లి, ఎండుచేపల వాసనలో, సముద్రం కేసి చూస్తూ సాయంత్రం దాకా కూర్చునేవాడు. అక్కడ వాణ్ని ఎవరూ ఎరగరు.

ఒకసారి జొన్నరొట్టె తినాలని ఉందన్నాడు. మన చేతులు చోడి అంబలికి, అదే రాగి జావకి, అలవాటు పడినవి. నాకు రొట్టె తట్టడం రాలేదు, ముక్కలైపోయింది. ఆ ముక్కలన్నీ తిని, “అచ్చం అక్కడిలాగే ఉన్నాది” అన్నాడు. వాడు అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే.

సంతాప సభ అయిన మూడో రోజున అప్పలస్వామి మా ఇంటికి వచ్చాడు. సమైక్యత కోసం ఊరేగింపు ఉందట. బళ్ల మీద పటాలు పెడతారట.

“ఒక్క ఫొటో ఇయ్యి వొదినా. పూలదండేసి ఊరంతా తిప్పి, మళ్లీ నీకే తెచ్చిస్తాను.”

“ఆ రోజు సభలో వాడి దగ్గర మైకు లాక్కున్నది నువ్వే కదా?”

“సచ్చిపోయినోడితో పోట్లాటేటి? ఊరు ఊరంతా వస్తాది. ఆడికి ఇంతకంటే గౌరవం ఏటున్నాది, సెప్పు.”

ఊరంతా వస్తుందన్నది నిజం. పాడె మోయడానికి నలుగురు దొరకడం కష్టమైన ఇంట్లో ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో అనుభవించినవాళ్లకు తెలుస్తుంది. నేను లేచి గోడ మీది పటం దించాను కూడా. దాని మీది దుమ్ము పమిటతో తుడిచాను. ఆ ముఖం చూశాక ఇవ్వలేకపోయాను.

“అప్పలస్వామీ, వాడికి ఆస్తి లేదు, పిల్లలు లేరు. మిగిలింది ఆ రోజు మైకు ముందు అన్న మాట ఒక్కటే. పటం మీ బండెక్కితే అదీ మిగలదు.”

“నీకూ పట్టింది ఆడి పిచ్చి” అన్నాడు. కాఫీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. మనసులో వాడూ ఏడుస్తున్నాడని నాకు తెలుసు. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి పెట్టిన దాన్ని.

ఊరేగింపు మా వీధిలోంచే వెళ్లింది. నేను గుమ్మంలో నిలుచున్నాను. అందరూ తెలిసిన ముఖాలే. ఒక్కరూ నన్ను పలకరించలేదు. ఆర్నెల్లు మా తమ్ముడు ఈ ఊళ్లో ఎలా బతికాడో ఆ కాసేపట్లో తెలిసింది. పక్కనే ఉండి వండిపెట్టాను గాని, అంతవరకు నాకు తెలియలేదు.

ఇటువంటి మనిషి మళ్లీ మన ఊళ్లో పుడతాడో లేదో చెప్పలేను. పుడితే వాడిని ఒంటరిగా కూర్చోబెట్టవద్దని మాత్రం చదివేవాళ్లను అడుగుతున్నాను.

పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నమస్కారం పెట్టకూడదు, వాళ్లకు ఆయుష్షు తగ్గుతుందంటారు. ఆ భయంతోనే, వాడు సభ నుంచి ఇంటికి వచ్చిన రోజున లేచిన నా చేతులను దించుకున్నాను. సూరీ, ఇక తగ్గడానికేమీ లేదు నాయనా. ఇదిగో, పెడుతున్నాను.