కిటికీలోంచి వేసిన కర్చీఫ్

తొంభైల్లో, కొత్తగా లెక్చరర్‌గా చేరిన రోజులవి. రాజమండ్రిలో జంగారెడ్డిగూడెం బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేశాను. తోసుకుంటూ ఎక్కేసరికి బస్సంతా నిండిపోయింది. నా సీటొక్కటే ఖాళీ. పక్కన ఒక పెద్దాయన కడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

"మీదేనా అండీ? కింద పడిపోతే తీసి మళ్ళీ వేశాను."

థాంక్సండీ అని కూర్చున్నాను. నా చేతిలో పుస్తకం చూసి, ఎవరి గురించని అడిగారు.

"రెండొందల ఏళ్ళ నాటి జర్మన్ తత్వవేత్తండీ. రేపు క్లాసులో చెప్పాలి," అంటూ హుషారుగా మొదలుపెట్టాను. పుట్టిన ఊరు వదిలి దూరం పోలేదట. ఆయన నడకకి బయల్దేరితే ఊళ్ళోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారట. ఏ పనైనా, అందరూ అదే చేస్తే ఎలా ఉంటుందో చూసుకుని చెయ్యమన్నాడట.

పెద్దాయన మొహం వెలిగింది. "మన బస్సులు ఎక్కకుండానే భలే చెప్పాడండీ!"

అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే మెచ్చుకున్నారు. అప్పటికి వంతెన దాటి కొవ్వూరు వచ్చేసింది. అంతసేపూ ఆయన నిలబడే విన్నారు. నేను సిగ్గుపడి లేచేలోపే, "వస్తానండీ," అని దిగిపోయారు.

ఆ పాఠం ఏటా చెబుతూనే ఉన్నాను. బస్సు వచ్చినప్పుడు మాత్రం కర్చీఫ్ జేబులోనే ఉంటోంది.