చెరపని ఇంటు గుర్తు

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు ఒళ్లో ఉన్న తువ్వాలు విప్పాడు. లోపల పాత మోటార్ సైకిల్ ఇంజన్ హెడ్డు ఉంది. సాన పట్టి అద్దంలా చేశాడు గానీ, పైన ఉలితో కొట్టిన ఇంటు గుర్తు మాత్రం అలాగే ఉంది. ఆదివారం జరిగే మోటార్ సైకిళ్ల పందేనికట.

"కొత్తదే వేయొచ్చుగా?" అన్నాను.

"కొత్తయి పెద్ద రంధ్రాలవే దొరుకుతయి సార్. పాత ఇంజన్‌కు అవి పెడితే మొదట్ల గుంజదు. మా పందెం ఇటిక్యాల కాడ కాలువ కట్ట మీద, జరంత దూరమే, మొదట్ల గుంజినోడే గెలుస్తడు. దీనికి వాల్వు కూసునే జాగ ఒక్కటే ఖరాబైంది. బాగైతదని చెప్పిన. షెడ్డుల పని నేర్పే మా ఉస్తాద్ నలుగుర్ల నా చెంప మీద కొట్టిండు. నీకేం తెల్వదని గీ ఇంటు కొట్టి తుక్కుల పారేసిండు. ఆ తుక్కులకెళ్లే తెచ్చిన."

"మరి ఆ గుర్తు అరగదీయలేదేం?"

అతను బొటనవేలితో దాన్ని రెండుసార్లు రుద్దాడు. "పందెంల ఆయన బండి గూడ ఉంటది. ఓడగొట్టినంక హెడ్డు ఇప్పి, అదే నలుగుర్ల ఆయన చేతుల పెడత. గీ ఇంటు ఎవరు కొట్టిండ్రో ఆయన్నే చెప్పమంట."

ఆ మాటంటూ అతను నవ్వలేదు.

"మీరేం చేస్తరు సార్?"

"బళ్లో పాఠాలు చెబుతాను."

నా జేబులోని ఎర్ర పెన్ను వైపు ఒకసారి చూసి, హెడ్డును మళ్లీ చుట్టేశాడు.

గెలిచాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తప్పు జవాబుకు ఇంటు కొట్టే ముందు, పేపరు మీద పేరు ఎవరిదో చూసుకుంటాను.