మర్యాద ఓటు

ఆంబ్రోస్ కీత్లీ నోటిని నమ్ముకుని బతికినవాడు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న రోజుల్లో, వర్జీనియాలోని ఒక జిల్లా కోర్టులో పంది దొంగతనాలూ గట్టు తగాదాలూ వాదించి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరుతోనే రెండుసార్లు శాసనసభకు వెళ్లాడు. అతన్ని నిద్రపోనివ్వకుండా చేసింది మాత్రం నాన్ కేసు.

నాన్ ఇంగ్లండులోని బ్రిస్టల్ నుంచి ఓడెక్కి వచ్చిన పనిమనిషి. ఓడ ఖర్చుకు బదులు కొన్నేళ్లు కల్నల్ పెవెరిల్ ఇంట్లో చాకిరీకి ఒప్పుకుంది. గడువు తీరేసరికి, మధ్యలో పారిపోయావు కాబట్టి ఇంకా కొన్నేళ్లు చెయ్యాలన్నాడు కల్నల్. ఆంబ్రోస్ ఆమె తరఫున నిలబడ్డాడు. న్యాయపీఠం మీదున్న పెద్దమనుషులంతా కల్నల్ ఇంట విందులు తిన్నవాళ్లే. శ్రద్ధగా విన్నారు, తలలూపారు, కల్నల్ పక్షాన తీర్పు చెప్పారు.

ఇక చట్టం మారితే తప్ప నాన్‌కి విడుదల లేదు. ఆంబ్రోస్ సభలో బిల్లు పెట్టాడు. అది తేలకముందే గవర్నరు సభను రద్దు చేశాడు. మళ్లీ ఎన్నిక వచ్చింది, ఆంబ్రోస్ మీద కల్నలే పోటీకి దిగాడు. ఈసారి ఓడితే ఆ బిల్లును ముట్టుకునే నాథుడు లేడు.

ఎన్నిక రోజు కోర్టు ముందు బల్ల వేశారు. మధ్యలో ఓట్లు రాసుకునే అధికారి షరీఫు, చెరోవైపూ అభ్యర్థులు. ఓటరు వచ్చి వాళ్ల ముఖం మీదే పేరు చెప్పాలి. ఆ పేరుగలవాడు లేచి, వంగి, కృతజ్ఞత చెప్పాలి. పక్కనే కల్నల్ పెట్టించిన రమ్ము పీపా. ఓటర్లకు పోయడానికి కావాలనే నాన్‌ని నిలబెట్టాడు.

మొదట జోసయా ట్రస్సెల్ వచ్చాడు. అతని పొలం దావా ఆంబ్రోస్ ఊరికే వాదించి గెలిపించాడు.

"ఎవరికయ్యా?" అన్నాడు షరీఫు.

జోసయా తన చెప్పుల వంక చూసుకున్నాడు. "కల్నల్ గారికి."

కల్నల్ లేచి వంగాడు. జోసయా వెళ్తూ ఆంబ్రోస్ దగ్గర గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి ప్లీడరు గారూ. మా మొక్కజొన్న ఆడేది ఆయన మరలోనే. పిండి లేకపోతే మా ఆవిడ నన్నే మరలో వేసి ఆడించేస్తుంది."

"నీ పిల్లలు తినాలిగా, వెళ్లు," అన్నాడు ఆంబ్రోస్. కోపం రాలేదు, అదే అతని బాధ. మర ఉన్నది ఒక్కటే, తినేవాళ్లు జిల్లా అంతా. మధ్యాహ్నానికి తను లేచి వంగే పని దాదాపు లేకపోయింది.

చివర్లో అభ్యర్థులు ఒకరి ఓటు ఒకరికి వేసుకోవడం అక్కడి పెద్దమనుషుల మర్యాద. గెలిచేవాడికి అందులో పోయేదేముంది!

"నా ఓటు కీత్లీ గారికి," అన్నాడు కల్నల్. "మా జిల్లాలో ఇంతటి మాటకారి లేడు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆంబ్రోస్ లేచి, వంగి, "ఈ గౌరవం మరిచిపోను" అన్నాడు. తర్వాత అతని వంతు. నోరు మూసుకుని కూర్చోవచ్చు. కానీ మర్యాద తప్పినవాణ్ణి రేపు ఏ కోర్టులోనూ లెక్కచెయ్యరు. కోర్టులో వెనక బెంచీకి వినిపించేలా మాట్లాడటం అలవాటైన గొంతు. అదే గొంతుతో, "కల్నల్ పెవెరిల్ గారికి" అన్నాడు.

జనం పల్చబడ్డాక పీపా దగ్గరికి వెళ్లాడు. నాన్ గరిటె ముంచి గ్లాసు నింపింది.

"తాగండయ్యా, అందరూ తాగారు."

"నాన్, నేను వేసిన ఓటు ఉత్త మర్యాద కోసం. అది లెక్కలోది కాదు."

"షరీఫు గారు రాసుకున్నారు కదయ్యా," అంది నాన్, ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థం కాక.

ఇన్నేళ్లూ ఏ న్యాయమూర్తి ముందూ మాట తడుముకోని ఆంబ్రోస్, గ్లాసు అందుకుని తాగాడు.