అటు ఒకరు, ఇటు ఒకరు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక చెడుగుడు జట్టు ఉండేది. ఎప్పుడూ ఓడిపోయే జట్టు. ఓడేవాళ్ల ఆట ఏం చూస్తామని జనం రావడం మానేశారు. ఒకరోజు ఎర్రటి ఎండలో పొరుగూరివాళ్లతో పందెం పడితే, కోతలైన చేలో ఆడేవాళ్లు కాక మా తాతయ్యా నేనే మిగిలాం. ఇంటికి పోదామని ఆయన పంచె పట్టుకుని లాగాను. ఆయన భుజం మీది తువ్వాలు నా చేతికిచ్చి, "పోయి అటుపక్క పరుచుకుని కూర్చో. నేను ఇటుంటా. వాళ్లు ఎటు తిరిగినా ఒక మనిషి కనపడాలి" అన్నాడు.

అటుపక్క గట్టు మీద ఒక్కదాన్నే కూర్చుంటే ఏడుపొచ్చింది. ఆడేవాళ్ల సందుల్లోంచి అవతల తాతయ్య తెల్ల పంచె కనపడితే కాస్త ధైర్యం. ఆ రోజూ మావాళ్లు ఓడిపోయారు. పోతూ పోతూ మా జట్టులో పెద్దతను నా తువ్వాలు దులిపి, మడిచి చేతికిచ్చాడు. "మళ్లీ వస్తావుగా బుల్లెమ్మా" అన్నాడు.

మా ఇంటాయన పోయాక మా అమ్మాయి నన్ను అమెరికాలో తనుండే ప్లేనో ఊరికి తీసుకొచ్చింది. పొద్దున గరాజు తలుపు పడిన చప్పుడైతే, సాయంత్రం అది మళ్లీ లేచేదాకా ఇంట్లో మనిషి మాట ఉండదు. ఇండియాకి ఫోను చేసుకోమని కార్డు కొనిచ్చారు. మాట మాటకీ నిమిషాలు అరిగిపోతాయని నేనే ముట్టుకునేదాన్ని కాదు. శనివారాలు వాళ్లు షాపింగులకీ క్లాసులకీ కారెక్కితే, నేను వీధి చివర ఆటస్థలం దాకా నడిచేదాన్ని.

అక్కడ ఎదిగిన మగవాళ్లు ఫుట్‌బాల్ ఆడేవారు. పేరుకే ఫుట్‌బాల్. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం, మిగతావాళ్లు మీదపడి కూలెయ్యడం. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకది చెడుగుడే. పట్టుబడ్డవాడు బయట కూర్చోకుండా మళ్లీ లేచి ఆడుతుంటే, ఇదేం తొండి అనుకున్నాను. చూసేది ఒక ముసలాయన, నేను. అంతే.

ఒకసారి మా మనవరాలు వెంట వచ్చి ఆయన్ని పలకరించింది.

"అమ్మమ్మా, టీవీలో వచ్చే టీమ్ కాదంట. చిన్న లీగ్. వీళ్లకి ఎవరూ పే చెయ్యరు. వీక్ అంతా జాబ్ చేసి ఇక్కడ ఆడతారు."

"పైసా రానిదానికి ఒళ్లెందుకు విరగ్గొట్టుకుంటారో కనుక్కో."

పిల్ల అడిగింది. ఆయన నవ్వి, బెంచీ కిందనుంచి ఎవరూ పెట్టుకోని పాత హెల్మెట్ ఒకటి తీసి నా ఒళ్లో పెట్టాడు. ఎర్ర రంగు పెచ్చులూడిన చోట నీలం, నీలం ఊడిన చోట పసుపు.

"యెల్లో ఏమో ఈయన డాడ్ టీమ్ అంట. అది క్లోజ్ అయింది. తర్వాత ఈయన ఆడిన టీమ్ బ్లూ. అదీ క్లోజ్. ఇప్పుడు రెడ్. కొత్త టీమ్ స్టార్ట్ అయితే కొత్త నేమ్ పెట్టుకుంటారు, దీనికి కొత్త పెయింట్ వేస్తారు."

వేలితో ఆ పెచ్చులు తడిమాను. పేరు పోయినా వస్తువు పారేయని మనుషులు. నాకు నచ్చారు.

"జనం రావట్లేదని ప్లేయర్స్ కూడా మానేస్తున్నారంట అమ్మమ్మా. ఇది కూడా క్లోజ్ అవుతుందేమో అంటున్నారు."

ఆ పై శనివారం నేను ఆయన పక్కన కూర్చోలేదు. ఒక తువ్వాలు పట్టుకెళ్లి అవతలి వైపు పరుచుకున్నాను. ఆయన అక్కణ్ణుంచి రమ్మని చెయ్యి ఊపాడు. నేను కదల్లేదు. కాసేపటికి గోధుమరంగు జుట్టు కుర్రాడొకడు పరిగెత్తుతూ ఇటు తిరిగి, నన్ను చూసి ఆగినంత పని చేశాడు. ఆయనకీ అర్థమైనట్టుంది, మళ్లీ పిలవలేదు. అలా ఆ ఏడాదంతా అటు ఆయన, ఇటు నేను. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. వెళ్లేటప్పుడు ఒకరికొకరం చెయ్యి ఊపుకునేవాళ్లం.

అయినా ఆ జట్టు మూతపడింది. చలికాలమంతా ఖాళీ గడ్డి చూసి వెనక్కి వచ్చేదాన్ని.

ఎండలు తిరిగొచ్చాక ఒక శనివారం ఈలలు వినపడ్డాయి. వెళ్లి చూస్తే అంతా ఆకుపచ్చ చొక్కాలు. ఆయన బెంచీ మాత్రం ఖాళీ. ఆ గోధుమరంగు జుట్టు కుర్రాడు నన్ను చూసి వచ్చాడు. ఏదో చెప్పాడు. మాటలు తెలియలేదు గానీ, ముఖం చూస్తే ఆయన ఇక రాడని తెలిసింది. వాడి చేతిలో ఆ పాత హెల్మెట్ ఉంది, ఇంకా వాసన పోని ఆకుపచ్చ రంగుతో. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకు నిలబడ్డాడు. నా తువ్వాలు ఆయన కూర్చునే చోట పరిచి, దాని మీద పెట్టించాను. తర్వాత నేను నడిచి అవతలి వైపు వెళ్లి, ఉత్త గడ్డి మీద కూర్చున్నాను.

అప్పటినుంచీ ఎక్కడికి బయల్దేరినా నా సంచిలో రెండు తువ్వాళ్లుంటాయి. ఒక్కదానివి, రెండెందుకే అమ్మా అని మా అమ్మాయి విసుక్కుంటుంది. ఒకటి నాకు. రెండోది అటుపక్కకి.