చెత్తడబ్బాలో పడ్డ రేతెష్

మా చిన్నప్పుడు... క్లీవ్‌లాండ్‌లో మాది పై వాటా, ఇంటి ఓనరావిడది కింది వాటా. డిసెంబర్‌లో ఓ ఆదివారం పొద్దున్న ఆవిడ వంటగదిలో నేనూ అమ్మా బల్లకి చెరో పక్క నిలబడి పిండి సాగదీస్తున్నాం. బల్ల మీద పూల దుప్పటి, దాని మీద పిండి. పిడికిలి బిగించి, చేతి వెనక వైపుతో అడుగు నుంచి మెల్లగా లాగాలి... దుప్పటి మీది పూలు పిండిలోంచి కనిపించేదాకా. చిరుగుతుందని అమ్మ ఉంగరాలు కూడా తీసి పక్కన పెట్టేసింది.

ఆవిడ పేరు ఇలోనా. హంగరీ నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. వాళ్ల భాషలో పెద్దావిడని 'నేని' అంటారట, అందుకని నాకు ఆవిడ ఇలోనా నేని. అవి డెబ్బైల చివరి రోజులు. నాకు తొమ్మిదేళ్లు.

ఆ పిండివంట పేరు రేతెష్. సాగదీసిన పిండి మీద యాపిల్ తురుము, దంచిన గసగసాలు, పంచదార చల్లి, చాప చుట్టినట్టు చుట్టి ఓవెన్‌లో పెడతారు. గసగసాలు చూసి అమ్మ నవ్వింది. మేం వీటిని కూరలో వేస్తామని చెప్తే, కూరలోనా అని ఆవిడ నోరు తెరిచింది. అమ్మకి అప్పటికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆవిడదీ అంతే. ఆ బల్ల దగ్గర మాత్రం ఇద్దరికీ మాటలకి కొరత ఉండేది కాదు...

మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. వాళ్లేమో రేతెష్‌కి పంది కొవ్వు రాస్తారు. అమ్మ సంగతి చెప్పగానే ఆవిడ గుడ్డు మానేసింది. కొవ్వు బదులు అమ్మ కాచిన నెయ్యి అడిగి తీసుకుంది. పాత ట్రే వద్దని, అరవై దాటిన మనిషి మంచులో బస్సెక్కి వెళ్లి, మాకోసం కొత్త ట్రే, నెయ్యి రాయడానికి కొత్త బ్రష్షు కొనుక్కొచ్చింది.

ఆ మధ్యాహ్నం మా ఇంటికి నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. అందరూ పులిహోర, గారెలు తింటుండగా ఇలోనా నేని వేడి వేడి ట్రే పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నాన్న నవ్వుతూ అందుకుని థాంక్స్ చెప్పారు. ఆవిడ దిగి వెళ్లిపోయింది.

ఓ అంకుల్ కంచంలోంచి తలెత్తి, "వీళ్లు అన్నిట్లో పంది కొవ్వు వేస్తారండీ. మీరు తింటున్నారా ఏంటి?" అన్నారు.

అందరూ నాన్న వైపు చూశారు. నాన్న ఆ ట్రే తీసుకెళ్లి చెత్తడబ్బాలో బోర్లించారు.

"మన నెయ్యేనండీ... నా ఎదురుగానే చేశారు" అంది అమ్మ మెల్లగా.

"నువ్వు ఊరుకో. నలుగురిలో పరువు తియ్యకు."

అప్పుడే తలుపు చప్పుడైంది. పైన చల్లే పంచదార పొడి మర్చిపోయిందట, ఇలోనా నేని చిన్న డబ్బాతో తిరిగొచ్చింది. చెత్తడబ్బాలోంచి ఇంకా ఆవిరి వస్తోంది... ఆవిడ చూసింది. పంచదార డబ్బా గట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నాన్నా, అది అమ్మ చేసింది. నువ్వు అమ్మది ట్రాష్ చేశావు" అన్నాను అందరి ముందే. నన్ను బెడ్‌రూమ్‌లోకి పంపేశారు. గోడ అవతల అంకుల్స్ మళ్లీ గ్రీన్ కార్డుల గురించి మాట్లాడుకోవడం వినిపించింది. అంతమందిలో ఒక్కరు... ఒక్క ఆంటీ అయినా "అదేంటండీ" అనలేదు. ఇంకో రెండు గారెలు వడ్డించుకున్నారు. ఆ మనుషుల్ని ఈ రోజుకీ క్షమించలేను.

మర్నాడు అమ్మ కిందికి వెళ్లి సారీ చెప్పింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి విని, పర్లేదు అంది. లోపలికి రమ్మనలేదు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. వేసవిలో మేం సొంత ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయాం.

ఎనభైల్లో ప్రతి డిసెంబర్‌కీ అమ్మ రేతెష్ చేసేది. నాకూ తమ్ముడికీ పెట్టి, తనూ తినేది. నాన్న కంచంలో మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. ఆయన అడగనూ లేదు. అమ్మ కోపం అలా ఉండేది...

అమ్మ పోయి ఆరేళ్లయింది. నాన్న ఇప్పుడు అరోరాలో నా దగ్గరే ఉంటున్నారు. పోయిన నెల మా అబ్బాయి బర్త్‌డేకి షాపులో కొన్న కేకు రెండు ముక్కలు తిన్నారు. అందులో ఏముందని అడగలేదు. నాకు మనసాగలేదు. నలభై ఏళ్లు దాటాక అడిగేశాను, ఆ రోజు ఎందుకు పారేశావు నాన్నా అని.

ఆయనకి అంతా గుర్తుంది. "అందరూ చూస్తున్నారమ్మా... ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత కిందికి వెళ్లి చెబుదామనే అనుకున్నా. మొహం చెల్లలేదు."

జాలి పడాలేమో. పడలేకపోయాను. ఆ తర్వాత ఆరు నెలలు అదే ఇంట్లో ఉన్నాం. పన్నెండు మెట్లు దిగడానికి ఆరు నెలలు చాల్లేదా?

ఇప్పుడు మనవాళ్లలో ఎవరూ ఎవరి వంటనీ అలా అనుమానించడం లేదు. సంతోషమే... కానీ మాకోసం ట్రే పట్టుకుని వచ్చే మనిషీ లేదు. మూడేళ్లుగా మా పక్కింట్లో ఉన్నావిడ పేరేంటో నాకే తెలియదు.

మీ ఇంట్లో కూడా పరువు పేరు చెప్పి ఇలా ఎవరి మనసైనా విరిచి ఉంటే... సాకులు వద్దు, ఆ మనిషి పేరు మాత్రం కింద రాయండి. కనీసం పేరైనా మిగలనీ.