బేసిక్ బ్యాచ్‌లో హైమావతి

2002. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై రెండేళ్లు కావస్తోంది. భిలాయ్‌లో సుపేలా మెయిన్ రోడ్డు మీద, ఒక బట్టల షాపు పై అంతస్తులో ఉన్న చిన్న కంప్యూటర్ సెంటర్‌లో నేను పాఠాలు చెప్పేదాన్ని. పాఠం చెప్పేవాళ్లని మా లైన్లో ఫ్యాకల్టీ అంటారు. నేను ఫ్యాకల్టీనీ, అడ్మిషన్లు రాసుకునేదాన్నీ, కరెంటు పోతే పరుగెత్తి మిషన్లు ఆపించేదాన్నీ కూడా. హిందీ పిల్లలకి దీదీని, తెలుగువాళ్లకి అక్కని.

ఆ జులైలో ఒక అమ్మాయి బేసిక్ కోర్సులో చేరింది. బేసిక్ అంటే ఎప్పుడూ కంప్యూటర్ ముట్టుకోనివాళ్లకి చెప్పేది: మిషన్ ఆన్ చేయడం, ఉత్తరం టైపు చేయడం, ఫైలు దాచుకోవడం. ఫారంలో హైమావతి, ఇరవై ఆరేళ్లు, బి.ఎస్సీ. అని రాసింది. ఉద్యోగం అన్న గడిలో చిన్న గీత పెట్టింది. తండ్రి అప్పలనాయుడు గారు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు, ఉండేది సెక్టర్ 7 క్వార్టర్లో. శ్రీకాకుళం వైపు వాళ్లు. మా నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె కాబట్టి మాట కలుపుదామని చూశాను. ఆ పిల్ల రెండు ముక్కలకి మించి మాట్లాడలేదు.

మూడో వారంలో లెక్కల షీటు నేర్పుతున్నాను. ఒక క్లాసు మార్కులు కూడి, సగటు కట్టి, వరుసలో పెట్టమని ఇచ్చాను. మిగతావాళ్లు ఇంకా పేర్లు టైపు చేస్తుండగానే హైమ ముగించేసింది. కీబోర్డు వైపు చూడనైనా లేదు. తర్వాత మొత్తం చెరిపేసింది. మళ్లీ మొదటినుంచి, ఈసారి ఒక్క వేలితో, అందరితో పాటు నెమ్మదిగా చేయడం మొదలుపెట్టింది.

క్లాసయ్యాక అడిగాను. "ఎందుకు చెరిపేశావు?"

"తప్పేమో అనిపించింది అక్కా."

"తప్పు లేదు. వెనకే నిలబడి చూశాను."

తల దించుకుంది. "తప్పు లేనప్పుడు కూడా ఉన్నట్టే అనిపిస్తోంది."

మిగతాది కూడా చెప్పింది. ఎం.సి.ఏ. చేసింది. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండున్నరేళ్లు ప్రోగ్రాములు రాసింది. కిందటేడు విదేశీ ప్రాజెక్టులు ఆగిపోయి లేఆఫ్ చేశారు, అంటే పని లేదని ఒక్కసారిగా చాలామందిని పంపించేశారు. ఆరు నెలలు అక్కడే తిరిగింది. ఎనిమిది ఇంటర్వ్యూలకి వెళ్తే ఎనిమిదీ పోయాయి.

"నాకు ఏది రాదో ఎవరూ చెప్పలేదక్కా. అందుకే ఆన్ చేయడం దగ్గర్నుంచి చూసుకుందామని వచ్చాను."

సరిగ్గా ఆ వారమే మా రెండో ఫ్యాకల్టీ రాయ్‌పూర్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. నాలుగింటి బ్యాచ్‌కి మనిషి లేడు. నాకు మనిషి కావాలి, ఈ పిల్లకి ధైర్యం కావాలి, రెండూ కలిసొచ్చాయనుకున్నాను. క్లాసు తీసుకోమన్నాను. వద్దంది. "అరే, బెంగళూరులో చేసినదానివి, ఇదెంత!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. పద్నాలుగు మంది ముందు ఆమె చదువూ ఉద్యోగమూ ఏకరువు పెట్టి చప్పట్లు కూడా కొట్టించాను.

మిషన్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. తప్పని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. పెద్ద అక్షరాల మీట, క్యాప్స్ లాక్, నొక్కి ఉంది. రోజూ ఎవరో ఒకరికి జరిగేదే. ముందు వరసలో ఒకామె నవ్వుతూ "మేడంజీ, క్యాప్స్ లాక్" అంది. హైమ చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. నేను వెళ్లి ఆ మీట నొక్కేలోపే లేచి మెట్లు దిగి వెళ్లిపోయింది. బ్యాగు కుర్చీకే వేలాడుతోంది.

వారం చూసి, ఆ బ్యాగు పట్టుకుని సెక్టర్ 7కి వెళ్లాను. అప్పలనాయుడు గారు అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు. కూర్చోమని కుర్చీ వేసి, తాను నిలబడే ఉన్నారు.

"ఏటి సెప్పమంటారు మేడమ్. తినమంటే తింటాది. కూకోమంటే కూకుంటాది. లెగమంటే లెగుస్తాది. నాకదే బయ్యంగున్నాది."

పక్క క్వార్టర్ల వాళ్లకి సెలవు మీద వచ్చిందని చెప్పారట. ఇన్ని నెలల సెలవు ఎవరిచ్చారని ఏ ఒక్కరూ అడగలేదు. అడగకపోవడంతోనే అందరికీ తెలుసునని తేలిపోయింది.

హైమ వంటగది గుమ్మంలో నిలబడి చెప్పింది. "బెంగళూరులో ఆఖరి రోజు పొద్దున్న ఆఫీసు గేటు దగ్గర లోపలికి వెళ్లే కార్డు పెట్టానక్కా. ఎర్ర లైటు వచ్చింది. తిరగేసి పెట్టాను. చున్నీతో తుడిచి పెట్టాను. వెనక లైనంతా ఆగిపోయింది. గార్డు పక్కకి జరగమంటే సారీ చెప్పాను. కార్డు పెట్టడం నాకే రావట్లేదనుకున్నాను. లోపల్నుంచి ఒకాయన లేఆఫ్ కవరు తెచ్చి ఇచ్చేదాకా తుడుస్తూనే ఉన్నాను."

చప్పట్లు కొట్టించిన నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నాది" అన్నాను. "నా అవసరం చూసుకుని నిన్ను నిలబెట్టాను. క్లాసు చెప్పొద్దు. కోర్సు ఇంకా మిగిలుంది, వచ్చి నీ సీట్లో కూర్చో, చాలు."

"అందరూ చూస్తారు."

"రెండు రోజులు చూస్తారు."

ఇంకో పది రోజులకి వచ్చింది. పాత బ్యాచ్‌కి కాదు, పొద్దుటి బ్యాచ్‌కి. అందులో సింహాచలం గారని చరోదా రైల్వే యార్డు మనిషి ఉండేవారు. వ్యాగన్లు కలిపే పనిలో కాలు నలిగితే ఆఫీసుకి మార్చారు. అక్కడ కంప్యూటర్ రాకపోతే కుదరదన్నారు. యాభై దాటాక, కర్ర పట్టుకుని మా మెట్లెక్కేవారు. హైమ పక్క సీటే దొరికింది.

"ఏటమ్మా ఇది, ఈ ఎలక నా మాట ఇనదు. బాణం ఎటో ఎల్లిపోతంది."

హైమ నావైపు చూసింది. నేను విననట్టు రిజిస్టరు రాసుకుంటున్నాను.

"అంత గట్టిగా పట్టుకోకండి బాబాయ్. వదులుగా."

ఆ ఒక్క ముక్క ఆ రోజు ఆరుసార్లైనా చెప్పి ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే. మూడో రోజు ఆయనే అడిగారు, "నీకు ఇసుగు రాదేటమ్మా?"

"మీరు తప్పు చేస్తే ఎందుకు తప్పయిందో నాకు తెలుస్తోంది బాబాయ్" అంది. ఆమె గొంతు ఆ మాత్రం గట్టిగా వినడం అదే మొదలు.

చలికాలానికి ఆ వరసలో ముగ్గురికి పక్కన కూర్చుని చెప్పేది. క్లాసు ముందుకి మాత్రం రాలేదు. నేనూ రమ్మనలేదు. సింహాచలం గారు ఆఫీసు పరీక్ష రెండోసారికి గట్టెక్కి, జిలేబీ పొట్లం తెచ్చి ముందు ఆమె చేతికిచ్చారు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని రాయాలని ఉంది. కానీ సర్దుకోలేదు. ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. తండ్రి దుర్గ్ స్టేషన్‌కి తీసుకెళ్లారు. రైలు వచ్చింది, వెళ్లిపోయింది. ఇద్దరూ పెట్టెతో తిరిగొచ్చారు.

"ఎక్కమన్నాను మేడమ్. ఎక్కనన్నాది" అన్నారాయన నాతో. "ఈ ఏడాదిలో నా మాట కాదనడం ఇదే మొదలు." ఆ గొంతులో ఉన్నది బాధో ఊరటో ఆయనకీ తెలియలేదనుకుంటాను.

వేసవి దాటాక రాయ్‌పూర్‌లో రైస్ మిల్లులకి ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసులో చేరింది. మా పాత ఫ్యాకల్టీయే మాట చెప్పాడు. బెంగళూరులో చేసిన పనితో పోలిస్తే అది ఏ మూలకీ రాదు. రోజూ లోకల్ రైల్లో వెళ్లొచ్చేది. ఒక ఆదివారం మార్కెట్లో కలిస్తే ఎలా ఉందని అడిగాను.

"పని వస్తోందక్కా. పొద్దున్న వెళ్లగానే మాత్రం కూర్చోలేను. నిలబడి అందరి మొహాలూ చూస్తాను. ఎవరూ ఏమీ అనకపోతే అప్పుడు కుర్చీ లాక్కుంటాను."

"ఇంకానా?"

"ఇంకా."

అందుకే ఆమె కోలుకుందని నేను అనను. పనికి వెళ్తోంది, అంతవరకే తెలుసు. ఆ తర్వాత కూడా ఉద్యోగం పోయినవాళ్లు మా మెట్లెక్కారు. ఎక్కడ చేశారో, ఎందుకు పోయిందో నలుగురిలో ఎత్తలేదు. నువ్వు చేయగలవని ఎవరి భుజమూ తట్టలేదు. ఖాళీగా ఉన్న మిషన్ చూపించి, రేపు ఎన్నింటికి రాగలరని అడిగి, ఆ టైము రాసుకున్నాను. కొందరు వచ్చారు. కొందరు రాలేదు.