వీసాకు మొక్కిన జడ

నిన్న అటక మీంచి పాత సూట్‌కేసు దించితే, దాంట్లో మా అక్క ఉన్నిటోపీ కనబడింది. చూడగానే ఒళ్లు మండిపోయింది నాకు. స్విట్జర్లాండ్ పోయొచ్చి ఏండ్లయినా మా బావ మీద కోపం ఇంకా చల్లారలేదు.

మాది తిరుపతి. ఆ ప్రయాణంలో అక్కకు తోడుగా నేనూ ఉన్నాను. ప్లానంతా బావదే. ఆ దేశంలో హోటల్లో తింటే బిల్లు చూసి గుండె ఆగిపోతుందంట. అందుకని చిన్న కరెంటు కుక్కరు, బియ్యం, పులిహోర గొజ్జు, కందిపొడి మూటలు గట్టినాడు. రైళ్లకూ బస్సులకూ కలిపి ఒకే పాసు, తాగేదానికి కొళాయి నీళ్లు, దిగేదానికి వంటగది ఉండే గది, అన్నీ ముందే ఖాయం. ఆ తెలివి తగలెయ్య! వంటగది ఉంటే వండేదెవురు? పెండ్లయినప్పట్నించి పొయ్యికాడే నిలబడిన మా అక్కే గదా. ఆమె ఆశల్లా ఒకటే, నాలుగునాళ్లు గరిటె పట్టకుండా మంచుకొండ ముందర ఊరికే కూర్చోవాలని.

అది చాలదన్నట్టు, వీసా వస్తే ఇద్దరమూ గుండు ఇస్తామని ఆమెను అడక్కుండానే కొండకు మొక్కేసినాడు. వీసా చేతికొచ్చినాక చెప్పినాడు, మహానుభావుడు! ఆయన గుండు నెలకే మొలుస్తుంది, అక్కది నడుము దాకా జడ. "కొసన మూడు కత్తెర్లు ఇస్తాను, ఆడోళ్లు శానామంది అంతే గదా ఇచ్చేది" అనింది. "దేవుడికాడ బేరమా?" అని కండ్లెర్రజేసినాడు. కూరగాయలంగట్లో కొసరు కరేపాకుకు కొట్లాడే మనిషి!

అక్క కల్యాణకట్టలో తల వంచి కూర్చునింది. నేను పక్కన నిలబడి ఏడ్చినాను, ఆమె ఏడవలా.

స్విట్జర్లాండ్ పోయిన మర్నాడు పొద్దున్నే బావ కుక్కరు బల్లమీద పెట్టి, "అన్నం వండుమే" అన్నాడు. అక్క టోపీ చెవుల మీదికి లాక్కునింది.

"మొక్కింది మీరు, తీర్చింది నేను. గొజ్జు తెచ్చింది మీరే, కలుపుకునేదీ మీరే."

అనేసి నన్ను రమ్మని తలుపు తీసింది. ఉన్నన్నాళ్లూ ఆయనకు మాడిన గిన్నె గోకడమే పని. మేమిద్దరం మంచుకొండ ముందర బెంచీ మీద రొట్టె తింటా కూర్చున్నాము. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా అక్క లేచేది కాదు. తిరిగొచ్చినాక ప్లాను బాగా కుదిరిందని ఊరంతా చెప్పుకున్నాడు బావ, సిగ్గులేని మనిషి.

ఇప్పుడు అక్క జడ మళ్లీ నడుము దాటింది. మొన్న ఆయన ఇంకో దేశం పేరెత్తితే, జడ ముందుకేసుకొని కొసదాకా నిదానంగా అల్లుకునింది. అంత జుట్టు పెరిగేదానికి ఎంత కాలం పట్టిందో ఆయనకు తెలీదు, ఆమెకు మాత్రం ప్రతి అంగుళమూ గుర్తే.